ఆగడం తెలిసిన కాళ్లు

గుంటూరు నుంచి నరసరావుపేటకు రోడ్డు మీద సుమారు 45 కిలోమీటర్లు. మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లు. అంతకు మించి ఎంత దూరం పరుగెత్తినా అది అల్ట్రామారథానే. బస్సులో ఒక కునుకు తీసేలోపు అయిపోయే ఈ ప్రయాణం అల్ట్రాకు మొదటి మెట్టు మాత్రమే. అరవై దాటిన మనిషి ఆ దూరం పరుగెత్తుతానంటే ఇంట్లోవాళ్లు ‘ఈ వయసులో ఇదేం పిచ్చి’ అంటారు. నేను అనను. విశాఖలో నౌకాదళ మాజీ కమాండర్ వల్లభజోస్యుల శ్రీరాములు గారు తొంభై దాటాక కూడా మాస్టర్స్ పోటీల్లో నడిచి పతకాలు తెచ్చారు. కాబట్టి వయసు గురించి నాకు పేచీ లేదు. నేను అడిగేది ఒక్కటే: ఎక్కడ ఆగాలో మీకు తెలుసా?

క్లిఫ్ యంగ్ కథ వ్యక్తిత్వ వికాస తరగతుల్లో తరచూ వినిపిస్తుంది. 1983లో ఆస్ట్రేలియాలో సిడ్నీ నుంచి మెల్‌బోర్న్‌కు 875 కిలోమీటర్ల పరుగు పోటీ పెట్టారు. పేరున్న కుర్రాళ్ల మధ్య 61 ఏళ్ల బంగాళాదుంపల రైతు వచ్చి నిలబడ్డాడు. కాళ్లు ఈడ్చుకుంటున్నట్టుండే చిన్న చిన్న అడుగులతో, మిగతావాళ్లకంటే తక్కువ నిద్రతో, 5 రోజుల 15 గంటల 4 నిమిషాల్లో మొదట చేరాడు. పదివేల డాలర్ల బహుమతి ఇస్తే, తనతోపాటు మిగతావాళ్లూ అంతే కష్టపడ్డారని వాళ్లకే పంచిపెట్టాడు. వక్త ఇక్కడిదాకా చెప్పి చప్పట్లు కొట్టిస్తాడు.

నాకు ముఖ్యమనిపించేది ఆ వక్త చెప్పకుండా వదిలేసిన భాగం. అంతకు ముందు ఏడాదే, 1982లో, క్లిఫ్ యంగ్ వెయ్యి మైళ్ల ప్రపంచ రికార్డు కోసం దిగాడు. కొండదారుల్లో నెలల తరబడి సాధన చేసి, కొలాక్ పట్టణం నడిబొడ్డున పరుగు మొదలుపెట్టాడు. సగం దాటీ దాటకముందే, 805 కిలోమీటర్ల దగ్గర, ఇక చాలని ఆపేశాడు. అంటే 1983లో గెలిచినవాడు పొలంలోంచి అప్పటికప్పుడు లేచి వచ్చిన మనిషి కాదు. అంతకు ముందు ఓడి, ఆ ఓటమిని ఒంట్లో ఇంకించుకుని వచ్చిన మనిషి. ఆ 805వ కిలోమీటరు దగ్గర మొండికేసి ఒళ్లు పాడుచేసుకుని ఉంటే మరుసటి ఏడాది సిడ్నీలో నిలబడేవాడా?

పల్నాటి గడ్డ మీద ఆగమనే మాట చెప్పడం కష్టం. కారంపూడిలో ఏటా వీరుల ఉత్సవాలు చేసుకునే మనకు వెనకడుగు అంటే తలవంపు. ఆ పౌరుషం మీద నాకూ గౌరవం ఉంది. కానీ యుద్ధంలో చూపే పంతం వేరు, అరవై ఏళ్ల మోకాలి మీద చూపే పంతం వేరు. మోకాలు మన శత్రువు కాదు కదా!

కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద ఒక తెల్లవారుజామున సాధన చేసి చూడండి. ఎక్కేటప్పుడు రొప్పు వస్తుంది, అందుకే అందరూ ఎక్కడానికే భయపడతారు. అనుభవమున్న అల్ట్రా పరుగువాళ్లు ఎక్కుడులో సిగ్గుపడకుండా నడుస్తారు. అసలు దెబ్బ దిగుడులో ఉంది. ప్రతి అడుగుకూ ఒంటి బరువంతా తొడ కండరాల మీద పడుతుంది. ఆ నొప్పి అప్పుడు తెలియదు, మర్నాడు మెట్లు దిగేటప్పుడు తెలుస్తుంది. ఆ నొప్పి తగ్గడానికి ఇరవై ఏళ్లవాడికి పట్టేదానికంటే అరవై ఏళ్లవాడికి ఎక్కువ రోజులు పడుతుంది. రోజు మార్చి రోజు పరుగెత్తడం బద్ధకం కాదు, సాధనలో భాగమే.

ఎండ సంగతి మనకు ఒకరు చెప్పాలా? వేసవిలో రాష్ట్రంలో ఎక్కువ వేడి ఎక్కడంటే రెంటచింతల పేరే వినిపిస్తుంది. పైగా వయసు మీదపడితే దాహం వేయడమే తగ్గుతుంది. ఒళ్లు ఎండిపోతున్నా నోరు అడగదు. అలాగని గంటల తరబడి ఉత్త మంచినీళ్లే తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఉప్పు వేసిన మజ్జిగో, ఓఆర్ఎస్సో మధ్యమధ్యలో కావాలి. ఇంకొకటి గట్టిగా చెబుతున్నాను: పరుగు మధ్యలో నొప్పి మాత్ర మింగి ముందుకు సాగకండి. ఒంట్లో నీరు తగ్గిన సమయంలో ఆ మాత్రలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఆగమని ఒళ్లు పంపిన కబురును మాత్రతో నోరు మూయించడం ధైర్యం కాదు.

దక్షిణాఫ్రికాలో 1921 నుంచి జరుగుతున్న కామ్రేడ్స్ పరుగు దాదాపు 90 కిలోమీటర్లు. గడువు ముగియగానే తుపాకీ పేలుతుంది, ఆ తర్వాత ఒక్క సెకను ఆలస్యమైనా పతకం లేదు. అంతకు ముందు దాన్ని ఐదుసార్లు గెలిచిన వాలీ హేవార్డ్, 1989లో 80 ఏళ్ల వయసులో, 11 గంటల గడువుకు రెండు నిమిషాలకంటే తక్కువ వ్యవధి ఉందనగా గీత దాటాడు. ఎక్కడ ఆగాలో అతనికి తెలుసు, మళ్లీ ఆ పోటీ జోలికి వెళ్లలేదు.

క్లిఫ్ యంగ్ 76వ ఏట, 1997లో, ఇల్లులేని పిల్లల కోసం ఆస్ట్రేలియా చుట్టూ పరుగెత్తబోయాడు. అనుకున్నది 16,000 కిలోమీటర్లు. 6,520 దగ్గర వెంట ఉన్న ఒకే ఒక్క సహాయకుడికి జబ్బు చేస్తే ఆపేశాడు. సిడ్నీ–మెల్‌బోర్న్ గెలుపుకంటే ఈ ఆగడంలోనే నాకు పెద్ద మనిషి కనిపిస్తాడు.

మిరప కోతల్లో రోజంతా వంగి పనిచేసిన ఒంటికి, బరంపేటలోనో గురజాలలోనో దుకాణంలో కూర్చున్న ఒంటికి ఓర్పు ఒకేలా ఉండదు. ఎవరి కొలత వాళ్లదే. పరుగు మొదలుపెట్టాలనుకునే పెద్దవాళ్లకు నా మనవి: ముందు గుండె పరీక్ష చేయించుకోండి. ఏ లక్షణం కనిపిస్తే ఆగిపోతారో ఒక కాగితం మీద రాసి, ఇంట్లో ఒకరి చేతికివ్వండి. బూట్లు ఆ తర్వాత కొనండి.