వెళ్లొస్తాం: సూరత్ యాత్రలో చివరి రోజు

విహారయాత్ర అంటే రైలెక్కి తీరాలనేమీ లేదు. ఈసారి మేము మూడు రోజులపాటు మేముంటున్న సూరత్‌నే తిరిగి చూశాం. తాపీ ఒడ్డున ఉన్న 16వ శతాబ్దపు కోట, సువాలీ సముద్రతీరం మొదటి రెండు రోజుల్లో అయిపోయాయి. మూడో రోజు సంగతి మాత్రం తెలుగులోనే చెప్పాలి.

ఆ ఉదయం లోచో తిని, కతార్‌గామ్ దర్వాజా వైపున్న ఇంగ్లీషువాళ్ల సమాధుల తోటకు వెళ్లాం. "పిక్నిక్‌కి శ్మశానమేమిటి సార్!" అని కొందరు గొణిగారు. లోపల అడుగుపెట్టాక ఆ గొణుగుడు ఆగిపోయింది. అవి రాతిపలకలు కావు, గుమ్మటాలతో, స్తంభాలతో మేడల్లా ఉన్నాయి. అన్నిటికంటే పెద్దది ఆక్సెండెన్ సోదరులది, రెండంతస్తులు. క్రిస్టఫర్ 1659లో, జార్జ్ 1669లో చనిపోయారు. 1664లో శివాజీ సూరత్‌పై దాడి చేసినప్పుడు ఇక్కడి ఇంగ్లీషు కొఠీకి పెద్ద ఈ జార్జే.

తెలుగు పిల్లలకు ఇక్కడొక ముచ్చట. 1608లోనే హాకిన్స్ ఓడ సూరత్ చేరినా, ఇంగ్లీషువాళ్ల కొఠీ ఇక్కడ స్థిరపడింది 1613లో. మన బందరులో, అంటే మచిలీపట్నంలో, 1611లోనే వ్యాపారం మొదలుపెట్టారు. బందరులో డచ్చివారి సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. సెలవులకు అటు వెళ్లేవాళ్లు చూసి రండి.

సూరత్ డచ్చి సమాధుల్లో పెద్దది వాన్ రీడ్‌ది. ఇంగ్లీషువాళ్ల కట్టడాన్ని మించాలనే అంత పెద్దగా కట్టారని చెబుతారు. ఆయన 1691లో సూరత్‌కు ఓడలో వస్తూ దారిలోనే చనిపోయాడు. మాకు ఆయన మీద గౌరవం కలిగింది మాత్రం గుమ్మటం వల్ల కాదు. కేరళ మొక్కల గురించి 12 సంపుటాల 'హోర్తుస్ మలబారికుస్' వెలువరించినవాడు ఆయనే. అందులో మొక్కల పేర్లను మలయాళ లిపిలో కూడా అచ్చువేయించాడు. ఉద్యోగం కోసం వచ్చిన పరాయి ఊళ్లో, అక్కడివాళ్లు దేన్ని ఏమంటారో అడిగి రాసుకున్న మనిషి!

"అయితే వీళ్లకీ ట్రాన్స్‌ఫర్లేనా?" అన్నాడు ఏడో తరగతి అబ్బాయి. అవును, కంపెనీ ఎక్కడికి పంపితే అక్కడికి వెళ్లాల్సిందే. ఇంటికి ఉత్తరం రాస్తే జవాబు రావడానికి ఏడాది దాటేది. చాలామంది తిరిగి వెళ్లనే లేదు.

మధ్యాహ్నం లింబాయత్. తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పనికి వచ్చిన పద్మశాలి కుటుంబాలు ఇక్కడ ఎన్నో. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా బడులు నడుపుతోంది. ఒక దుకాణం మీది తెలుగు బోర్డును మా ఎనిమిదో తరగతి అమ్మాయి కూడబలుక్కుని చదివింది. వాళ్ల నాన్నగారికి బదిలీ ఆర్డరు వచ్చేసింది, ఈ నెలాఖరుకు టీసీ తీసుకుంటుంది. వెళ్లబోయే చోట బడిలో తెలుగు ఉండదట. అక్షరాలు ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్నాయి.

ఒక ఇంట్లో మాకందరికీ చాయ్ ఇచ్చారు. లేస్తూ ఆ అమ్మాయి, "వెళ్తున్నాం అవ్వా" అంది. మంచం మీద కూర్చున్న పెద్దామె వెంటనే అడ్డుపడింది. "పోతున్నమనద్దు బిడ్డా. పోయొస్తమనాలె."

ఇదే మా అసలు పాఠం. 'వెళ్లి' అన్నది క్త్వార్థకం, పని ముగించి మరో పనికి దారితీసే అసమాపక క్రియ. దాని పక్కన 'వస్తాను' చేరి 'వెళ్లివస్తాను' అవుతుంది, నోట్లో పడి 'వెళ్లొస్తా' అవుతుంది. క్త్వార్థకమైన ఇకారానికి సంధి లేదని 1858 నాటి 'బాలవ్యాకరణం'లో చిన్నయసూరి సూత్రం చేశాడు. గుమ్మం దగ్గర నిలబడి సెలవు తీసుకునే మనిషికి ఆ సూత్రం గుర్తుండదు లెండి! తెలంగాణలో 'పోయొస్తా' అన్నా లెక్క ఒకటే. వెళ్లడం సగం మాట, రావడం మిగతా సగం.

బస్సులో ఎవరి ఇంటి మాట వాళ్లు చెప్పారు. తమిళంలో 'పోయిట్టు వరేన్', కన్నడంలో 'హోగి బర్తీని'. మరాఠీ అబ్బాయి 'యేతో' అన్నాడు, అంటే 'వస్తాను'. వెళ్లడం ప్రసక్తే లేదు! గుజరాతీలో ఇంట్లో ఉండేవాళ్లే 'ఆవ్‌జో' అంటారు, మళ్లీ రండి అని. ఇన్ని రోజులుగా కూరగాయలమ్మే ఆమె నోట వింటూనే ఉన్నా మాలో సగంమంది అది 'బై' అనుకున్నారు.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఆ మాటలన్నీ నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకుంది. 'పోయిట్టు'కు ఒత్తు మరిచిపోతే పక్కనున్న ఆరో తరగతి పిల్లాడు దిద్దాడు. కొత్త ఊరు వెళ్లాక అక్కడి మాట కూడా చేర్చి, మాకు ఉత్తరం రాస్తానంది, తెలుగులోనే. చిరునామా ఇచ్చాం.

మీకు పని: ఇప్పటివరకు మీరున్న ఊళ్లలో సెలవు తీసుకునేటప్పుడు ఏమంటారో ఇంట్లో అడిగి, తెలుగు లిపిలో రాయండి. ప్రతి మాటలో 'వెళ్లడం' ఉందా, 'రావడం' ఉందా, రెండూ ఉన్నాయా గుర్తించండి. తాతయ్యకో అమ్మమ్మకో చదివి వినిపించాకే మాకు పంపండి.