కప్పు గొప్పదా? లీగు గొప్పదా?

ఫుట్‌బాల్ అభిమానుల మధ్య ఎన్నటికీ తెగని వాదన ఇది. ఇంగ్లాండులో 2013లో జరిగిన సంగతి చూద్దాం.

1932లో పుట్టిన విగాన్ అథ్లెటిక్ క్లబ్బు మే 11న మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి మొట్టమొదటిసారి ఎఫ్.ఎ. కప్పు గెలిచింది. మూడు రోజులకే ఆర్సెనల్ చేతిలో 4-1తో ఓడి, ప్రీమియర్ లీగు నుండి కింది డివిజనుకు జారిపోయింది. 2005 తర్వాత ఒక్క కప్పూ ఎరుగని ఆర్సెనల్ ఆ ఏడు లీగులో నాలుగో స్థానంలో నిలిచింది.

కప్పు కొన్ని మ్యాచుల గెలుపు. లీగు 38 మ్యాచుల లెక్క.

మిత్రులారా! డిగ్రీలో మేము వ్యాసరచన పోటీలో షీల్డు గెలిచాము. అదే ఏడు ఒక సబ్జెక్టు తప్పాము. షీల్డు చూసి ఇంట్లోవాళ్లు మురిసిపోయారు. కాని మా ఇంటికి తొలి పట్టా తెచ్చింది రోజువారీ చదువే. షీల్డును భద్రంగా దాచుకుందాం, సబ్జెక్టును మాత్రం వదలొద్దు.