కొండమీది బంధుసమాగమము: వావివరుసలను గూర్చి యొక పాఠము

గత వేసవియందు మా తాతగారి సంతతివారమందఱము, పిల్లలతో గూడ నలువదిముగ్గురము, మదనపల్లెకు సమీపముననున్న హార్సిలీ కొండమీద నొక బసను మూడు దినములకు అద్దెకు గైకొని కలిసికొంటిమి. ఈ కొండకు ఆ ప్రాంతమువారు పెట్టుకొన్న పేరు ఏనుగు మల్లమ్మ కొండ. పందొమ్మిదవ శతాబ్దమున కడప జిల్లాకు కలెక్టరుగా నుండిన హార్సిలీ దొర వేసవి విడిదికై యిచట నిల్లు కట్టించుకొనుటచే ఆయన పేరు నిలిచినది. ఇది సముద్రమట్టమునకు సుమారు 1,265 మీటర్ల యెత్తున నున్నది. క్రింద మదనపల్లెలో కంటె మూడు నాలుగు డిగ్రీలు చల్లగా నుండును. రాత్రులయందు గాలి వీచినచో ముసలివారికి శాలువ లేక జరుగదు.

చెన్నపట్టణము, బెంగుళూరు, హైదరాబాదులనుండి బంధువులు వచ్చిరి. ఒక కుటుంబము అమెరికానుండియు వచ్చెను. మొదటి సాయంకాలమున, తొమ్మిదేండ్ల వాడైన మా తమ్ముని కుమారుడు మా చిన్నాన్నగారి యొద్దకు పోయి, “అంకుల్, మీరెవరు?” అని యడిగెను. ఆ బాలుని తండ్రిని భుజములపై నెక్కించుకొని బడికి దీసికొనిపోయినవారు ఈ చిన్నాన్నగారే. ఆయన బదులు చెప్పక, వాని చేతిలో రెండు బిస్కత్తులుంచి అవతలికి పోయిరి. తప్పు బాలునిది కాదు. పదునెనిమిదేండ్లుగా తరగతిలో వ్యాకరణము చెప్పుచున్న మేము మా యింటి పిల్లలకు వరుసలు నేర్పమైతిమి.

మఱునాటి రాత్రి మాకు అవకాశము చిక్కినది. ప్రెషరు కుక్కరు రబ్బరు చుట్టు ఇంటనే మఱచి వచ్చుటచే కందిపప్పును పెద్ద గిన్నెలో నెక్కింపవలసి వచ్చెను. సముద్రతీరమున నీరు 100 డిగ్రీలవద్ద మరగును. పైకి పోవుకొలది గాలి యొత్తిడి తగ్గును గనుక ఆ కొండమీద సుమారు 96 డిగ్రీలకే మరగును. పిదప నెంత మంట పెట్టినను నీరు ఆవిరియగునే గాని అంతకు మించి వేడెక్కదు. పప్పు తన తీరికను బట్టి యుడుకును! పిల్లలు ఆకలిచే అల్లరి చేయసాగిరి. మేము సుద్దముక్క దీసికొని, ఎఱ్ఱని సిమెంటు నేలపై మా తాతగారి పేరు వ్రాసి, దానిక్రింద గీతలు గీయ మొదలిడితిమి.

విద్యార్థులారా, మీరును గమనింపుడు. తండ్రి అన్నదమ్ములు మనకు పెదనాన్న, చిన్నాన్నలు. తల్లి అక్కచెల్లెండ్రు పెద్దమ్మ, చిన్నమ్మలు. ఈ పిలుపులలోనే నాన్నయు అమ్మయు నున్నారు. కావున వారి బిడ్డలు మనకు అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు. తండ్రికి తోబుట్టువగు స్త్రీ అత్త, తల్లికి తోబుట్టువగు పురుషుడు మామ. వీరి బిడ్డలు బావలు, బావమరదులు, వదినెలు, మరదండ్రు. ఇంగ్లీషువారు వీరినందఱిని ‘కజిన్’ అను నొక్క మాటతో సరిపెట్టుదురు. మన మాటయందో, ఆ వ్యక్తి మనకు పెద్దయో చిన్నయో తెలియుచున్నది. బావ యని పిలిచినంతమాత్రమున పెండ్లి చేయవలెనని లేదు. దగ్గఱి మేనరికములలో ఒకే దోషము తల్లివైపునుండియు తండ్రివైపునుండియు బిడ్డకు సంక్రమించు అవకాశము హెచ్చని వైద్యులు చెప్పుదురు.

ఇంతవఱకు పిల్లలు సులభముగా గ్రహించిరి. “నాన్నకు మేనత్త కొడుకు నాకేమగును?” అని మేమడుగగా అందఱు నూరకుండిరి. అతడు నాన్నకు బావ; నాన్నకు బావయైనవాడు నాకు మామ. సరే, అమ్మకు మేనత్త కొడుకో? “మామే” అని నలుగురు కేకవేసిరి. అమెరికానుండి వచ్చిన పదమూడేండ్ల బాలిక మాత్రము కొంతసేపు వ్రేళ్లు లెక్కించుకొని, “అమ్మకు బావ యగువాడు నాన్నకు అన్న వరుస గదా! పెదనాన్న” అనెను. తెలుగు చదువనేరని ఆ పిల్ల ఈ లెక్క తేల్చుట చూచి మేము మిక్కిలి సంతోషించితిమి.

అమెరికా పండితుడైన లూయీ హెన్రీ మార్గన్ 1871లో ప్రకటించిన గ్రంథమున తమిళ, తెలుగు వరుసలు పట్టికలుగా నున్నవి. తమిళ వరుసలను ఆయన దక్షిణదేశపు మిషనరీలవలన దెలిసికొనెను. తన దేశమందలి సెనెకా జాతివారి వరుసలు వీనిని బోలియుండుట చూచి ఆయన ఆశ్చర్యపడెను. అయితే పైన జెప్పిన రెండవ మెట్టున, అనగా తల్లిదండ్రుల బావల వద్ద, ఆ రెండు పద్ధతులును వేఱగునని తరువాతి పండితులు కనుగొనిరి.

మా చిత్రము గోడవఱకు ప్రాకినది. అప్పుడు ఆ తొమ్మిదేండ్ల బాలుడు తాతగారి పేరు క్రిందనున్న గీతపై వ్రేలుంచి, “ఈ అవ్వయు ఈ చిన్నతాతయు ఒకే గీతక్రింద నున్నారు. నేనును చెల్లెలును ఉన్నట్లే. మఱి వీరు మాటలాడుకొనరేమి?” అని యడిగెను.

వాడు చూపినది మా మేనత్తగారిని, చిన్నాన్నగారిని. ఒక బావి వాటాను గూర్చి వారికి పదునొకండేండ్లుగా మాటలు లేవు. పెద్దలమందఱము ఎఱిగిన సంగతియే. ఒకరు తూర్పు గదిలో, ఒకరు పడమటి గదిలో బసచేయునట్లు మేమే యేర్పాటు చేసియుంటిమి. వరుసలన్నిటికి సూత్రములు చెప్పిన మాకు ఆ ప్రశ్నకు బదులు తోచలేదు. పప్పు చూచివత్తునని మేము లేచితిమి.

వంటయింటి గుమ్మమునుండి చూడగా చిన్నాన్నగారు మెల్లగా లేచి, మేనత్తగారి మంచము ప్రక్కనున్న పీటపై గూర్చుండిరి.

“అక్కా, చలి పెట్టుచున్నదా?”

ఆమె కొంతసేపు మాటలాడలేదు. పిదప, “ఆ తలుపు వేయిరా” అనిరి. ఆయన తలుపు వేసి, మరల ఆ పీటమీదికే వచ్చిరి.

బావి సంగతి నేటికిని తేలలేదు. పప్పు తొమ్మిదిన్నరకు ఉడికినది. మొదటి విస్తరిని ఎవరికిత్తునని బాలుడు మమ్మడుగలేదు. అవ్వ ముందొకటియు, చిన్నతాత ముందొకటియు, ప్రక్కప్రక్కనే పఱచినాడు.