పాముల లెక్క తప్పిన వైద్యుడు

భగవదజ్జుకంలో వైద్యుడు వచ్చేది నాటకం చివర్లో. ఉండేది కొద్దిసేపే. మొన్న క్లాసులో ఆ వేషం నాకు పడింది. నేను చదువుతూ ఉంటే అందరూ పొట్టలు పట్టుకుని నవ్వినారు. అప్పట్నుంచీ ఆ నవ్వు గురించే ఆలోచిస్తున్నాను.

ఇది సంస్కృత ప్రహసనం. కొందరు బోధాయనుడిదంటారు, కొందరు ఏడో శతాబ్దపు పల్లవరాజు మహేంద్రవర్మదంటారు. వేటూరి ప్రభాకరశాస్త్రిగారు తెలుగు చేశారు. తోటలో ఒక సన్న్యాసి, ఆయన శిష్యుడు శాండిల్యుడు. అక్కడికి వసంతసేన అనే గణిక వస్తుంది. యమభటుడు పాము రూపంలో ఆమెను కాటేస్తాడు. తీరా చూస్తే తీసుకుపోవలసింది అదే పేరుగల ఇంకొకామెను! (రేషన్ కార్డులో పేర్లు తారుమారైనట్టు.) ఈలోగా సన్న్యాసి యోగశక్తితో తన ప్రాణాన్ని ఆమె ఒంట్లోకి పంపిస్తాడు. తప్పు దిద్దుకోవడానికి తిరిగొచ్చిన భటుడు, అక్కడ చోటు లేక, ఆమె ప్రాణాన్ని సన్న్యాసి ఒంట్లో పెట్టేసి పోతాడు.

ఇప్పుడు వైద్యుడు. మంత్రం వేస్తాడు, నరం కోస్తానని పనిముట్టు అడుగుతాడు. ఆమె లోపల ఉన్నది సన్న్యాసి కదా, వద్దంటుంది. పాముల గురించి అడిగితే వాతం, పిత్తం అని, మూడోదాని దగ్గర నత్తి పడి పుస్తకం తెరుస్తాడు. చదివిన శ్లోకంలో ‘మూడు’ అనే మాటకు లింగం తప్పు. ఆమె దిద్దుతుంది. అయితే ఈమెను కరిచింది వ్యాకరణం వచ్చిన పాము అని తేలుస్తాడు!

ఈ హాస్యం తెలుగులో ఎలా పలకాలి? మనకు ‘మూడు’ వేరు, ‘ముగ్గురు’ వేరు. అందుకని ‘ముగ్గురు పాములు’ అన్నాను, క్లాసు ఘొల్లుమంది. ఇంట్లో నాన్న కన్నడ, అమ్మ తెలుగు. రాత్రి నాన్న ముందర ‘మూవరు హావుగళు’ అన్నా అదే నవ్వు.

నవ్వనిది అవ్వ ఒక్కతే. గౌరిబిదనూరు పక్కన ముసుకుజొన్న చేలో చిన్నమామను పాము కరిచినప్పుడు ముందు ఊళ్లో మందిచ్చే ఆయన దగ్గరికే తీసుకుపోయినారు. ఆయన బ్లేడుతో కోసి, గుడ్డ బిగించి కట్టినాడు. ఆస్పత్రికి చేరేసరికి సగం దినం అయింది. ప్రాణం దక్కింది గానీ కాలివేళ్లు రెండు పోయినాయి. కోస్తే విషం బయటికి రాదు, గాయం పెద్దదవుతుంది. కావలసింది ఆస్పత్రిలో వేసే విరుగుడు సూది. ఇది మామకు అప్పుడు తెలియదు. “తెలిసినాయన కదా, ఏమని అడుగుతాము?” అంటుంది అవ్వ.

నాటకంలో మనం ధైర్యంగా నవ్వేది, కత్తి కింద ఉన్నామెకు వైద్యుడికంటే ఎక్కువ తెలుసు కాబట్టి. విషం ఎక్కే దశలు ఎన్నంటే ఆయన వంద అంటాడు. ఏడని చెప్పి ఆమే ఒక్కొక్కటి లెక్కపెడుతుంది. ఆయన సెలవు తీసుకుంటాడు. ఆ తెలివిని తీసేసి చూడండి, మిగిలేది హత్య.

ఐరా లెవిన్ నాటకం ‘డాక్టర్ కుక్స్ గార్డెన్’ (బ్రాడ్‌వే, 1967) అట్లా తీసేసినదే. చిన్న ఊరు, అందరికీ ఇష్టమైన ముసలి డాక్టరు. తోటలో కలుపు తీసినట్టు, బతకకూడదని తనకు తోచినవాళ్లను గుట్టుగా చంపుతుంటాడు. ఈయనకు లెక్క తప్పదు. కనిపెట్టేది ఇంకో డాక్టరు, రోగులు కాదు. ఎనిమిది ప్రదర్శనలకే ఆగిపోయింది.

మన విభాగం తరఫున వైద్యుడి దృశ్యం వేస్తామంటున్నారు. వేషం నాకే ఇమ్మని అడిగాను. నరం కోస్తాననే చోట నవ్వించకుండా కాసేపు ఆగాలని ఉంది. మేడమ్ ఇంకా ఒప్పుకోలేదు.