బంధించిన గాలి

ప్రక్రియ: వ్యాసం

పాఠ్యభాగ పరిచయం

శాస్త్ర సాంకేతిక విషయాలను నిత్యజీవితంతో ముడిపెట్టి వివరించే వ్యాసం ఇది. ఇంటి ముంగిట కనిపించే కంప్రెసర్ ఎలా పనిచేస్తుంది, దానిని ఎలా కాపాడుకోవాలి, ఏమరుపాటు వల్ల ఏ అపాయం కలుగుతుంది అనే విషయాలను వజ్రకరూరు నేపథ్యంలో ఈ పాఠం తెలియజేస్తుంది. యంత్రాన్ని వాడటం తెలిసినవారికి దాని స్వభావం కూడా తెలిసి ఉండాలని చెప్పడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

అనంతపురం జిల్లాలో గుంతకల్లుకు సమీపాన ఉన్న వజ్రకరూరు పేరులోనే వజ్రం ఉన్నది. తొలకరి జల్లులు ఎర్రనేలను కడగగానే చుట్టుపక్కల ఊళ్ల జనం పొలాలకు చేరి, తలలు వంచి రాళ్లను వెదకడం ఇక్కడ ఏటా కనిపించే దృశ్యం. అయితే ఆ వజ్రాలు పుట్టింది నేల పైపొరలో కాదు. సుమారు 150 కిలోమీటర్ల లోతున, వాతావరణ పీడనానికి దాదాపు యాభై వేల రెట్ల ఒత్తిడిలో కర్బనం వజ్రంగా మారింది. దాదాపు 110 కోట్ల సంవత్సరాల క్రితం వాయువులతో నిండిన శిలాద్రవం భూమిని చీల్చుకొని పైకి చిమ్మినప్పుడు ఆ రాళ్లు పైకి వచ్చాయి. అలా ఏర్పడిన శిలానాళాలను శాస్త్రజ్ఞులు కింబర్లైటు పైపులు అంటారు. పీడనం రత్నాన్ని సృష్టించగలదు. అదే పీడనం నేలను చీల్చనూ గలదు.

పీడనానికి గల ఈ రెండు ముఖాలను చూడటానికి భూగర్భంలోకి పోనక్కరలేదు. వీధి పక్క ఇంటి పంచలో ఉండే చిన్న కంప్రెసర్ చాలు. సైకిలుకు, మోటారు సైకిలుకు, ట్రాక్టరుకు గాలి పట్టడానికి, తలుపులకు రంగు చిమ్మడానికి, మందుకొట్టే స్ప్రేయర్ల నాజిళ్లను, మోటారు స్టార్టరు పెట్టెలను శుభ్రం చేయడానికి అది ఉపకరిస్తుంది. ముందు గదిలో దుకాణం, వెనుక గదిలో కాపురం ఉన్న కుటుంబానికి అదే జీవనాధారం.

ఈ కరవు నేలకు కంప్రెసర్ కొత్తది కాదు. అనంతపురం ప్రాంతంలో సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అందువల్ల రైతులు నీటి కోసం గట్టి రాతిని తొలిచి బోర్లు వేయవలసి వచ్చింది. తమిళనాడులోని తిరుచెంగోడు వంటి పట్టణాల నుంచి వచ్చే బోరు బండ్లపై ఉండే పెద్ద కంప్రెసరే ఆ పని చేస్తుంది. అది పంపిన గాలి, బోరు అడుగున సుత్తిని ఆడించి రాతిని పిండి చేస్తుంది. ఆ పిండిని పైకి ఊదివేస్తుంది. పూడిన బోరును ఫ్లషింగ్ చేసేదీ ఆ గాలియే. పొలంలోని పెద్ద యంత్రానికీ ఇంటి పంచలోని చిన్న యంత్రానికీ పరిమాణంలోనే తేడా, సూత్రం ఒక్కటే.

గాలిని బంధించే తీరు

వాయువు ఘనపరిమాణం తగ్గేకొద్దీ దాని పీడనం పెరుగుతుందని రాబర్ట్ బాయిల్ 1662లో ప్రకటించాడు. కంప్రెసర్ ఈ నియమం మీదనే ఆధారపడి పనిచేస్తుంది. విద్యుత్ మోటారు తిరిగినప్పుడు సిలిండరులోని పిస్టను వెలుపలి గాలిని పీల్చి, నొక్కి, ట్యాంకులోకి నెడుతుంది. నొక్కినప్పుడు గాలి వేడెక్కుతుంది. సిలిండరు నుంచి వెలువడే గాలి వేడి నూరు డిగ్రీలు దాటుతుంది. నిర్ణీత పీడనానికి చేరగానే ప్రెషర్ స్విచ్చి మోటారును ఆపుతుంది. గాలి వాడిన తరువాత పీడనం తగ్గితే తిరిగి నడుపుతుంది.

ఇంటి కంప్రెసర్లలో పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 8 కిలోల వరకు ఉంటుంది. టైర్ల దుకాణం లెక్కలో ఇది దాదాపు 114 పౌండ్లు. అంటే ట్యాంకు లోపలి గోడలో అరచేయంత భాగం మీద, అనగా 100 చదరపు సెంటీమీటర్ల మీద, 800 కిలోల ఒత్తిడి పడుతుందన్నమాట. 50 లీటర్ల ట్యాంకులో ఆ పీడనం వద్ద దాగి ఉన్న శక్తి, 50 కిలోల బస్తాను దాదాపు 100 మీటర్ల ఎత్తుకు లేపగలది. ఇనుప గోడ దృఢంగా ఉన్నంతకాలం ఈ శక్తి గొట్టం గుండా కొద్దికొద్దిగా వెలువడి పని చేస్తుంది. గోడ చిట్లితే ఒక్క క్షణంలో అంతా బయటపడుతుంది. గాలి కనిపించదు, దాని బలమూ కనిపించదు. అందుకే ఈ యంత్రం పట్ల ఏమరుపాటు సులభం.

ట్యాంకు అడుగున నీరు

గోడను బలహీనపరిచే శత్రువు బయట నుంచి రాదు. అది లోపలే పుడుతుంది. ఎంత పొడిగా తోచినా గాలిలో కొంత నీటి ఆవిరి ఉండనే ఉంటుంది. ముప్పై డిగ్రీల వేడిలో ఒక ఘనమీటరు గాలి సుమారు 30 గ్రాముల ఆవిరిని మాత్రమే భరించగలదు. 50 లీటర్ల ట్యాంకును నింపడానికి దాదాపు 450 లీటర్ల గాలిని నొక్కాలి. బయటి గాలిలో తేమ సగం మేరకు ఉన్నా, అందులో ఆరేడు గ్రాముల ఆవిరి ఉంటుంది. నొక్కిన గాలి చల్లబడిన తరువాత ట్యాంకులో ఒకటిన్నర గ్రాములే ఆవిరిగా నిలుస్తాయి. మిగిలిన ఐదు గ్రాములు నీరుగా మారి అడుగుకు దిగుతాయి. రోజుకు పది సార్లు నింపిన ట్యాంకులో సుమారు 50 గ్రాముల నీరు చేరుతుంది.

ఆ నీరు బయటికి పోకుంటే ఇనుము తుప్పుపడుతుంది. పైన రంగు మెరుస్తూనే ఉంటుంది. లోపల గోడ పలుచబడుతూ ఉంటుంది. నివారణ అత్యంత సులభం. ప్రతిరోజు పని ముగిసిన తరువాత మోటారు ఆపి, గాలిని చాలావరకు వదిలి, అడుగునున్న మరను మెల్లగా తిప్పి నీటిని వెళ్లనీయాలి. దీనికి రెండు నిమిషాలు చాలు. ఎరుపు రంగు నీరు వస్తే లోపల తుప్పు మొదలైందని గ్రహించాలి. నీటి కోసం వందల అడుగులు తవ్వే నేలపై, నిలువ ఉంచకూడని నీరు ఇది ఒక్కటే.

తుప్పుపట్టి చిల్లుపడిన ట్యాంకుకు వెల్డింగుతో అతుకు వేయించడం ప్రమాదకరం. ఒకచోట చిల్లు పడినదంటే చుట్టూ గోడ పలుచబడినదనే అర్థం. అటువంటి ట్యాంకును తొలగించాలి. పాత గ్యాస్ సిలిండరును గాలి ట్యాంకుగా మార్చడమూ తగదు. ట్యాంకు బలాన్ని పరీక్షించేవారు దానిని గాలితో కాక నీటితో నింపి, పనిచేసే పీడనం కన్న ఎక్కువ ఒత్తిడి పెడతారు. నీరు దాదాపు నొక్కుడుపడదు కనుక అందులో శక్తి పెద్దగా నిలువ ఉండదు. ట్యాంకు చీలినా నీరు కారుతుందే తప్ప పేలుడు జరగదు.

రక్షణ వాల్వు

ప్రెషర్ స్విచ్చి చెడిపోతే మోటారు ఆగదు. ట్యాంకులో పీడనం పెరుగుతూనే ఉంటుంది. ఆ సమయంలో తనంతట తాను తెరుచుకొని అదనపు గాలిని వదిలివేసేది సేఫ్టీ వాల్వు. ఇత్తడితో చేసిన ఆ చిన్న భాగం కుటుంబాన్ని కాపాడే కాపలాదారు. దాని కొసనున్న ఉంగరాన్ని నెలకొకసారి లాగి, గాలి వెలువడుతున్నదో లేదో చూడాలి. గాలి కారుతున్నదని దానిని బిగించివేయడం, ఊడదీసి ఆ రంధ్రాన్ని బోల్టుతో మూయడం కాపలాదారు కళ్లకు గంతలు కట్టడమే అవుతుంది. పీడనం చూపే మీటరు ముల్లు, గాలి పూర్తిగా వదిలిన తరువాత కూడా సున్నాకు రాకుంటే దానిని మార్చాలి.

ధూళి, నూనె, విద్యుత్తు

ఉరవకొండ ప్రాంతపు గాలిమరలను తిప్పే గాలియే ఎర్రని ధూళిని మోసుకొని వస్తుంది. కంప్రెసర్ పీల్చే గాలిని వడకట్టే ఫిల్టరు ఆ ధూళితో త్వరగా మూసుకుపోతుంది. అప్పుడు యంత్రం ఎక్కువసేపు నడిచి వేడెక్కుతుంది. కాబట్టి వారానికి ఒకసారి ఫిల్టరును దులిపి, అవసరమైతే మార్చాలి. నూనెతో నడిచే రకంలో నూనె మట్టాన్ని ప్రతిరోజు అద్దంలో చూడాలి. తయారీదారు సూచించిన నూనెనే పోయాలి. బెల్టు మీది జాలీని తీసివేసి యంత్రాన్ని నడపరాదు. చీర కొంగు, పంచె అంచు, పిల్లల వేళ్లు తిరిగే బెల్టుకు చిక్కే అపాయం ఉన్నది.

కరెంటు పోయినప్పుడు స్విచ్చిని తప్పక ఆపివేయాలి. లేకుంటే ఎవరూ గమనించని వేళ కరెంటు రాగానే యంత్రం తనంతట తాను నడవడం మొదలుపెడుతుంది. ఓల్టేజి తక్కువగా ఉన్నప్పుడు మోటారు మూలుగుతూ తిరగలేక చుట్ట కాలిపోతుంది. ఎర్తు తీగ లేకుండా వాడటం ప్రాణాపాయం. పొడినేల విద్యుత్తును సరిగా ప్రసరింపనీయదు. కనుక వేసవిలో ఎర్తు గుంతలో అప్పుడప్పుడు నీరు పోయాలి. రంగు చిమ్మే పని గాలి ఆడే చోట, మంటకు దూరంగా జరగాలి. థిన్నరు ఆవిరికి స్విచ్చి నుంచి లేచే చిన్న నిప్పురవ్వ చాలు.

గాలి ఆటవస్తువు కాదు

పని ముగిసిన తరువాత ఒంటి మీది దుమ్మును కంప్రెసర్ గాలితో దులుపుకోవడం చాలామందికి అలవాటు. ఆ గాలి కంటిలోకి దుమ్మును గుచ్చగలదు, కర్ణభేరిని చీల్చగలదు, గాయం గుండా చర్మం కిందికి చొరబడగలదు. వస్తువులను శుభ్రం చేసే గాలి పీడనం 30 పౌండ్లకు మించరాదని అమెరికా కార్మిక భద్రతా నియమాలు నిర్దేశించాయి. మనుషుల మీదికి గాలిని వదలడం ఏ పీడనంలోనూ తగదు. 2024 మార్చిలో బెంగళూరులోని ఒక వాహనాల సర్వీసు కేంద్రంలో మిత్రుడు పరిహాసానికి కంప్రెసర్ గొట్టాన్ని శరీరానికి ఆనించి గాలి వదలగా ఒక యువకుడు మరణించాడు. ఒక్క క్షణపు వేళాకోళం ఒక ఇంటికి తీరని శోకమైంది. దుకాణంలో పనికి చేరిన కుర్రవాడికి పానా పట్టడం కన్న ముందు నేర్పవలసిన పాఠం ఇదే.

కర్మాగారాలలో పీడనంతో పనిచేసే యంత్రాలు సురక్షిత పరిమితిని దాటకుండా చూడవలసిన బాధ్యతను 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 31వ సెక్షన్ యాజమాన్యంపై ఉంచింది. ఇంటి పంచలోని కంప్రెసర్ వద్దకు తనిఖీ అధికారి రాడు. అక్కడ యజమానే కార్మికుడు, యజమానే తనిఖీ అధికారి. రోజూ రెండు నిమిషాలు నీరు వదలడం, నెలకొకసారి వాల్వు ఉంగరం లాగడం అతడు తన కుటుంబానికి ఇచ్చే భరోసా. బంధించిన గాలి మంచి సేవకుడు. బంధనం సడలకుండా చూసుకోవలసినది మాత్రం మనిషే.

కఠిన పదాలకు అర్థాలు

పీడనం = ఒత్తిడి
కర్బనం = బొగ్గు, వజ్రం వంటి రూపాలలో లభించే మూలకం
శిలాద్రవం = కరిగిన రాయి
ఘనపరిమాణం = వస్తువు ఆక్రమించే చోటు
నిర్ణీత = ముందుగా నిశ్చయించిన
ఏమరుపాటు = అజాగ్రత్త
నివారణ = రాకుండా చేయడం
కర్ణభేరి = చెవిలోని పలుచని పొర
పరిహాసం = ఎగతాళి

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. కంప్రెసర్ ట్యాంకులో నీరు ఎలా చేరుతుంది? దాని వల్ల కలిగే నష్టాన్ని, నివారణను వివరించండి.
2. ‘ఇంటి పంచలో యజమానే తనిఖీ అధికారి’ అనే భావాన్ని పాఠం ఆధారంగా సమర్థించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. పీడనానికి గల రెండు ముఖాలు ఏవి?
2. ట్యాంకు బలాన్ని గాలితో కాక నీటితో ఎందుకు పరీక్షిస్తారు?
3. వేసవిలో ఎర్తు గుంతలో నీరు పోయవలసిన అవసరమేమిటి?

III. సందర్భసహిత వ్యాఖ్యలు
1. “గాలి కనిపించదు, దాని బలమూ కనిపించదు.”
2. “నిలువ ఉంచకూడని నీరు ఇది ఒక్కటే.”

IV. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. బాయిల్ తన నియమాన్ని ఏ సంవత్సరంలో ప్రకటించాడు?
2. ప్రెషర్ స్విచ్చి చెడిపోయినప్పుడు ఇంటిని కాపాడే భాగం ఏది?

V. సంధులు
ప్రాణాపాయం = ప్రాణ + అపాయం – సవర్ణదీర్ఘ సంధి
అత్యంత = అతి + అంత – యణాదేశ సంధి
అప్పుడప్పుడు = అప్పుడు + అప్పుడు – ఆమ్రేడిత సంధి

VI. సమాసాలు
భూగర్భం = భూమి యొక్క గర్భం – షష్ఠీ తత్పురుష సమాసం
ఎర్రనేల = ఎర్రనైన నేల – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
రెండు నిమిషాలు = రెండు అయిన నిమిషాలు – ద్విగు సమాసం