సొంత లారీ కల – లీజు కాగితం లెక్క



మన హాస్టల్లో చదివి బయటికి వెళ్లిన వాళ్లందరూ ఆఫీసు ఉద్యోగాల్లోనే లేరు. కొందరు క్లీనర్లుగా బండెక్కి, లైసెన్సు తీసుకుని, స్టీరింగు పట్టారు. వాళ్లలో ఎవర్ని కదిపినా చివరికి ఒక్కటే మాట వస్తుంది: "ఎన్నాళ్లని ఇంకొకరి బండి తోలతాం? మనకంటూ ఒక బండి ఉండాలి." ఈ కోరికలో తప్పేమీ లేదు. కూలికి పనిచేసేవాడు యజమాని కావాలనుకోవడం ఎదుగుదలకు గుర్తు. అయితే డ్రైవరు కోరికనే పెట్టుబడిగా చేసుకుని నడిచే ఒప్పందాలు కూడా ఉన్నాయి. వాటిలో బాగా పేరుపడినది అమెరికాలోని లీజు–కొనుగోలు పద్ధతి. "చేతిలో పైసా లేకున్నా ఫర్వాలేదు, బండి నడుపుతూనే కొనుక్కో" అన్నది దాని పిలుపు. ఇది డ్రైవరుకు గిట్టుబాటు అవుతుందా లేదా అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం. అమెరికా సంగతి మనకెందుకు అనుకోవద్దు. దేశం మారినా లెక్క మారదు.

ఒప్పందం ఎలా ఉంటుంది?

లారీ రవాణా కంపెనీదో, దాని అనుబంధ సంస్థదో అయి ఉంటుంది. డ్రైవరు దాన్ని వారానికి ఇంత అని లీజుకు తీసుకుంటాడు. మళ్లీ అదే లారీని, తనతో సహా, అదే కంపెనీకి పనికి పెడతాడు. లోడు ఇచ్చేది కంపెనీయే, కిరాయి లెక్క కట్టేదీ కంపెనీయే. వారం చివర లీజు కిస్తీ, డీజిలు, ఇన్సూరెన్సు, మరమ్మతుల నిధి అన్నీ కోసుకుని మిగిలింది డ్రైవరు చేతిలో పెడతారు. మూడు నాలుగేళ్లు ఇలా కడితే లారీ అతనిది అవుతుంది. కొన్ని ఒప్పందాల్లో చివర పెద్ద మొత్తం ఒకేసారి కట్టాలన్న షరతు కూడా ఉంటుంది.

కాగితం మీద డ్రైవరు ఉద్యోగి కాడు, స్వతంత్ర కాంట్రాక్టరు. కాబట్టి కనీస వేతనం, ఓవర్‌టైం వంటి హక్కులు అతనికి వర్తించవని కంపెనీ అంటుంది. మధ్యలో మానేసినా, కంపెనీ తీసేసినా లారీ వెనక్కి పోతుంది. అంతవరకూ కట్టిన కిస్తీలు కిరాయి కింద జమ అయిపోతాయి. అసలు చిక్కు ఇక్కడే ఉంది. అప్పు వసూలు చేసేవాడూ, పని ఇచ్చేవాడూ ఒక్కడే. లోడు తగ్గిస్తే కిస్తీ తప్పుతుంది, కిస్తీ తప్పితే బండి పోతుంది.

ఎలా పుట్టింది?

అమెరికాలో 1935 నుంచి లారీ రవాణా రేట్లు, పర్మిట్లు ప్రభుత్వ నియంత్రణలో ఉండేవి. 1980లో వచ్చిన మోటార్ క్యారియర్ చట్టం ఈ నియంత్రణను చాలావరకు సడలించింది. కొత్త కంపెనీలు వేలాదిగా పుట్టాయి. పోటీతో కిరాయిలు పడిపోయాయి, వాటితోపాటే డ్రైవర్ల నిజ వేతనాలూ పడిపోయాయి. డీజిలు ధర పెరిగినా, లోడు దొరక్కపోయినా, ఇంజను చెడిపోయినా ఆ నష్టాన్ని ఎవరో ఒకరు భరించాలి. డ్రైవరును కాగితం మీద యజమానిని చేస్తే ఆ భారం అతని మీదికి దిగుతుంది. ఈ పద్ధతి విస్తరించడానికి ఇదొక ముఖ్య కారణం.

లెక్క వేసి చూద్దాం

ఇవి మనం ఉదాహరణకు తీసుకున్న అంకెలు. మైలుకు కిరాయి 1.60 డాలర్లు. డీజిలుకు మైలుకు 62 సెంట్లు, మరమ్మతుల నిధికి 10 సెంట్లు. అంటే మైలుకు మిగిలేది 88 సెంట్లు. బండి కదిలినా కదలకున్నా వారానికి కట్టవలసినవి: లీజు 900, ఇన్సూరెన్సు 150, ఇతర ఖర్చులు 110. మొత్తం 1,160 డాలర్లు.

వారానికి 2,500 మైళ్లు నడిపితే 2,200 డాలర్లు మిగులుతాయి. అందులో 1,160 పోగా చేతికొచ్చేది 1,040.
1,500 మైళ్లు నడిపితే 1,320 మిగులుతాయి. 1,160 పోగా చేతికొచ్చేది 160.
జ్వరమొచ్చి ఒక వారం పడుకుంటే వచ్చేదేమీ లేదు, పైగా 1,160 డాలర్ల బాకీ.

అంటే ప్రతి వారం మొదటి 1,318 మైళ్లు డ్రైవరు తన కోసం కాదు, కట్టవలసిన వాటి కోసమే నడుపుతాడు.

ఇదే డ్రైవరు కంపెనీ బండి మీద మైలుకు 55 సెంట్ల జీతానికి చేస్తే 2,500 మైళ్లకు 1,375 డాలర్లు వస్తాయి. డీజిలు, టైర్లు, కిస్తీల బాధ ఉండదు. లీజు డ్రైవరు వారానికి 335 డాలర్లు తక్కువ తెచ్చుకుంటున్నాడన్నమాట. అన్నే మైళ్లు నడిపే జీతపు డ్రైవరుతో సమానం కావాలంటే అతను వారానికి 3,515 మైళ్లు నడపాలి. గంటకు సగటున 50 మైళ్లు వేసుకున్నా అది 70 గంటలు. అమెరికా చట్టం ప్రకారం రోజుకు 11 గంటలకు మించి బండి నడపకూడదు. 8 రోజుల్లో 70 గంటల డ్యూటీ నిండితే ఆపైన నడపరాదు. లోడింగు, అన్‌లోడింగు సమయం కూడా ఆ డ్యూటీ కిందికే వస్తుంది. అంటే చట్టానికి లోబడి ఆ మైళ్లు పూర్తి చేయడం దాదాపు అసాధ్యం.

"అయినా చివరికి లారీ మిగులుతుంది కదా" అని కొందరంటారు. నిజమే, దానికీ లెక్క వేద్దాం. వారానికి 335 చొప్పున 4 ఏళ్లకు, అంటే 208 వారాలకు, అతను వదులుకున్నది 69,680 డాలర్లు. అప్పటికి ఆ లారీ 5 లక్షల 20 వేల మైళ్లు తిరిగి ఉంటుంది. అంత తిరిగిన బండి అంతకన్నా ఎక్కువ ధర పలికితేనే అతనికి లాభం. పైగా స్వతంత్ర కాంట్రాక్టరు కనుక సామాజిక భద్రత పన్నులో యజమాని వాటా కూడా తనే కట్టుకోవాలి.

ఓడరేవులో జరిగింది

లాస్ ఏంజిల్స్, లాంగ్ బీచ్ ఓడరేవుల్లో పొగ కాలుష్యాన్ని తగ్గించడానికి 2008 అక్టోబరు 1 నుంచి 1989కి ముందు నాటి లారీలను నిషేధించారు. తర్వాత దశలవారీగా 2012 నాటికి 2007 ప్రమాణాలు అందుకోని లారీలన్నిటినీ ఆపేశారు. ఉద్దేశం మంచిదే. కానీ కొత్త లారీ కొనే స్తోమత డ్రైవర్లకు లేదు. వాళ్లలో చాలామంది ఇంగ్లీషు సరిగా రాని వలస కార్మికులు. కంపెనీలు కొత్త లారీలు కొని, వాటిని లీజు–కొనుగోలు ఒప్పందాల మీద డ్రైవర్లకు అంటగట్టాయి. చదవలేని కాగితం మీద సంతకం పెట్టినవాళ్లు ఎందరో. 2017లో యూఎస్ఏ టుడే పత్రిక ఈ సంగతిని పరిశోధించి బయటపెట్టింది. రోజుకు 20 గంటల దాకా పనిచేసినవాళ్లు, కోతలన్నీ పోగా ఒక వారానికి 67 సెంట్లే తెచ్చుకున్న డ్రైవరు, ఎదురు బాకీపడినవాళ్లు అందులో కనిపిస్తారు. కాలిఫోర్నియా కార్మిక శాఖ ముందుకు వచ్చిన అనేక కేసుల్లో వీళ్లు కాంట్రాక్టర్లు కారనీ, ఉద్యోగులేననీ తేలింది.

చట్టం, కోర్టు, కమిటీ

అమెరికాలో లీజు నిబంధనలు లేకపోలేదు. 1979 నుంచి అమలులో ఉన్న నియమాల ప్రకారం ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. ట్రిప్పు కాగితాలు ఇచ్చిన 15 రోజుల్లో డబ్బు చెల్లించాలి. ఒప్పందం ముగిసిన 45 రోజుల్లో నిధి సొమ్ము వెనక్కి ఇవ్వాలి. అయితే కాగితం మీది హక్కు కోసం కోర్టుకు వెళ్లాలంటే మరో అడ్డంకి ఉండేది. "తగాదా వస్తే కోర్టుకు పోకూడదు, మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలి" అన్న షరతు ఒప్పందంలోనే ఉండేది. న్యూ ప్రైమ్ కంపెనీ మీద డొమినిక్ ఒలివీరా అనే డ్రైవరు వేసిన కేసులో 2019 జనవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. రవాణా కార్మికుడిని, కాంట్రాక్టరు అని రాసుకున్నా సరే, కేంద్ర మధ్యవర్తిత్వ చట్టం కింద అలా బలవంతపెట్టడం కుదరదని ఆ తీర్పు సారాంశం.

2021 నాటి మౌలిక వసతుల చట్టం కింద లారీ లీజులను పరిశీలించడానికి ఒక ప్రత్యేక కమిటీ ఏర్పడింది. అది 2025 జనవరిలో తన నివేదిక ఇచ్చింది. ఇలాంటి ఒప్పందాలను సరిదిద్దడం కాదు, నిషేధించడమే మార్గమని సిఫారసు చేసింది.

మరి లాభపడేవాళ్లు లేరా?

ఉన్నారు. మరమ్మతు పని తెలిసి, ఆరు నెలల ఖర్చు ముందే దాచుకుని, కిరాయిలు బాగున్న కాలంలో మొదలుపెట్టినవాళ్లు కొందరు గట్టెక్కారు. అయితే ఒక విషయం గమనించాలి. అంత పొదుపు, అంత అనుభవం ఉన్నవాడికి మామూలు బ్యాంకు అప్పుతో పాత లారీ కొనుక్కునే దారి కూడా ఉంటుంది. ఏ దారీ లేనివాడికే ఈ ఒప్పందం తీపిగా కనిపిస్తుంది, నష్టాన్ని తట్టుకునే శక్తి తక్కువున్నదీ అతనికే.

మన దగ్గర

మన దేశంలో 1972లో హైర్ పర్చేజ్ చట్టం చేశారు గానీ అది ఒక్కరోజు కూడా అమలులోకి రాలేదు. 2005లో రద్దయింది. మన దగ్గర ఫైనాన్సు బండికి మోటారు వాహనాల చట్టం 1988లోని 51వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఫైనాన్సు సంస్థ పేరు ఎక్కుతుంది. ఆఖరి కిస్తీ కట్టాక ఫారం 35 మీద సంస్థ సంతకం తీసుకుని రవాణా శాఖలో ఆ పేరు తీయించుకుంటేనే బండి పూర్తిగా మనది. చాలామంది ఆ చివరి పని మరచిపోతారు. కిస్తీ తప్పినా సరే, రౌడీలను పంపి బండి గుంజుకోకూడదని సుప్రీంకోర్టు 2007లో స్పష్టం చేసింది.

మన పద్ధతిలో ఒక మేలు ఉంది. అప్పు ఇచ్చేవాడు ఒకడు, లోడు ఇచ్చేవాడు మరొకడు. అయితే లోడు ఇచ్చేవాడు ఒక్కడే అయినా ప్రమాదమే. 2021 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో ఇంటింటి రేషను కోసం 9,260 బండ్లను 60 శాతం సబ్సిడీతో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ తదితర వర్గాల యువకులకు ఇచ్చారు. 2025 జూన్ 1 నుంచి రేషను మళ్లీ చౌకధరల దుకాణాల్లోనే ఇస్తున్నారు. బండి ఉంది, దాని పని మాత్రం ఆగిపోయింది.

సంతకానికి ముందు

1. బండి ఎవరి పేరు మీద ఉంటుంది? ఎప్పుడు మన పేరుకు మారుతుంది?
2. అప్పు ఇచ్చేవాడూ, పని ఇచ్చేవాడూ ఒక్కడేనా?
3. వేరే పార్టీ లోడు వేసుకునే హక్కు ఉందా?
4. మధ్యలో ఆపితే కట్టిన దాంట్లో ఎంత వెనక్కి వస్తుంది?
5. బండి నెల రోజులు నిలిచిపోతే ఇల్లు, కిస్తీ రెండూ గడుస్తాయా?
6. ఇదే పని జీతానికి చేస్తే ఎంత వస్తుంది? తేడా ఎంత?

ఈ ఆరింటికీ జవాబు కాగితం మీద దొరక్కపోతే ఆ రోజు సంతకం పెట్టవద్దు. కాగితం ఇంటికి తెచ్చుకుని, చదువుకున్నవాళ్లతో చదివించుకోండి. చదువుకున్నవాళ్లంటే ఎవరో కాదు, మనమే. ఈ హాస్టల్లో నేర్చుకున్న కూడికలు, తీసివేతలు మన అన్నల ఒప్పంద కాగితం మీద ఒక్కసారి పనికొచ్చినా మన చదువు సార్థకమైనట్టే. సొంత బండి కల కనడం మానవద్దు. లెక్క సరిచూసుకున్నాకే ఆ కల కోసం అడుగు వేద్దాం.