పత్రికాఫీసులో పాత వార్తల పని

ప్రశ్న: లైబ్రరీ సైన్స్ చదువుతున్నాను. దినపత్రికలో ఆర్కైవ్ మేనేజర్‌గా చేరితే రోజంతా ఏం పని ఉంటుంది సార్?

జవాబు: ఉదయం రాగానే ఆనాటి పేజీలు అన్ని జిల్లా ఎడిషన్లతో సహా సర్వర్‌లోకి చేరాయో లేదో చూసుకోవాలి. ఆ తర్వాతే అసలు పని. ప్రతి వార్తకూ, ఫొటోకూ మనిషి పేరు, ఊరు, తేదీ, అంశం జోడించాలి. దీన్ని గుమాస్తా పనిగా చూడకండి. ఎన్టీఆర్ అని వెతికినా, నందమూరి తారక రామారావు అని వెతికినా ఒకే మనిషి వార్తలు రావాలి. జిల్లాల సంగతీ అంతే. 2016 అక్టోబరులో తెలంగాణలోని 10 జిల్లాలు 31 అయ్యాయి. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. సిరిసిల్ల పాత వార్తలు కరీంనగర్ కింద, కొత్తవి రాజన్న సిరిసిల్ల కింద ఉంటాయి. రెండింటినీ ముడిపెట్టకపోతే విలేకరికి సగం చరిత్రే దొరుకుతుంది.

యూనికోడ్‌కు ముందరి ఫైళ్లతో ఎక్కువ శ్రమ. ఆనాటి ఫాంట్ లేకుండా తెరిస్తే తెలుగు బదులు ఇంగ్లిష్ అక్షరాలు, పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. కన్వర్టర్‌తో మార్చినా వత్తులు తారుమారవుతుంటాయి. ‘శాస్త్రి’లో ఒక్క వత్తు పోయిందంటే, ఆ పేరుతో వెతికేవారికి ఆ వార్త లేనట్టే. మనిషి కూర్చుని దిద్దాల్సిందే.

సాయంత్రమైతే డెస్క్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. ప్రముఖులెవరైనా కన్నుమూస్తే ఫొటోలు, జీవిత విశేషాలు నిమిషాల్లో అందించాలి. ఎంత హడావిడిలోనైనా ఫొటో వెనక రాసిన పేరును నమ్మి వదిలేయకండి, అచ్చయిన పేజీతో సరిచూడండి. చనిపోయినవారి వార్తలో వేరేవారి ఫొటో పడితే ఆ కుటుంబానికి ఏం జవాబు చెప్తాం?

చదువు పూర్తయ్యేలోగా డేటాబేస్‌లో వెతకడానికి వాడే ఎస్‌క్యూఎల్ భాష నేర్చుకోండి. రోజూ రెండు పేపర్లు చదవండి.